పేరుకున్న నూనె

ఐజాక్ గారు కూర్చోగా ఈ తొమ్మిదేళ్లలో నేను రెండే రెండుసార్లు చూశాను. రెండోసారి దానికి కారణం నేనే. అందుకే ఇది రాస్తున్నాను. లేకపోతే ఒక ఫిట్టరు గురించి పనిగట్టుకుని రాసేంత తీరిక నాకు లేదు.

మా షాపు రాజమండ్రిలో ధవళేశ్వరం వెళ్లే రోడ్డు పక్కన ఉంటుంది. షాపంటే సరుకులమ్మేది కాదు, ఇనుము తరిగే నాలుగు లేతులు, రెండు మిల్లింగు మిషన్లు ఉన్న వర్క్‌షాపు. యజమాని లక్ష్మీనరసింహం గారు. ఆయన తండ్రిగారి కాలంలో ఇక్కడ రైసుమిల్లుల షాఫ్టులు, పడవ ఇంజన్ల బుష్షులు చేసేవారు. ఇప్పుడూ చేస్తారు. కాకపోతే ఏడేళ్ల కిందట ఆయనకి పెద్ద పనులు చేయాలన్న కోరిక పుట్టి, తిరగాల్సిన చోటల్లా తిరిగి, రక్షణ శాఖ ల్యాబుకి చిన్న చిన్న భాగాలు చేసిపెట్టే షాపుల జాబితాలో మా పేరు ఎక్కించారు. ఆఫీసు గదిలో ఉత్తరాలు, తనిఖీ రిపోర్టులు టైపు చేసేది నేను. నా పేరు హైమ. నాకు కోపం ఎక్కువని షాపులో అందరూ అంటారు. అది అబద్ధమేమీ కాదు.

ఐజాక్ గారికి యాభై ఏడేళ్లు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. టీ నిలబడి తాగుతాడు, అన్నం క్యారేజీ చేత్తో పట్టుకుని షాపంతా తిరుగుతూ తింటాడు. కూర్చోమంటే, "కూర్చుంటే కాళ్లు లాగేత్తాయండి" అంటాడు. నిలబడితే లాగని కాళ్లు కూర్చుంటే ఎందుకు లాగుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏ మిషను దగ్గర శబ్దం కాస్త తేడాగా వచ్చినా షాపు అవతలి చివర నుంచి నడిచి వస్తాడు. చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే పని కూడా అందుకే ఒప్పుకున్నాడని ఆయన భార్య రూతు గారు నాతో చెప్పింది. ప్రసంగం అంతసేపూ ఒకచోట ఉండలేడట.

తనిఖీ చేసేది ఆయనే. ప్రతి భాగాన్నీ కొలిచి, బాగుంటే దాని చీటీ మీద ముద్ర వేస్తాడు. ఆ ముద్ర మీద 7 అని ఉంటుంది. షాపులో తనిఖీ మనిషి ఆయనొక్కడే అయినా ఏడెందుకంటే, ఒకటి అని ఉంటే చిన్న షాపని ల్యాబు వాళ్లకి తెలిసిపోతుందని లక్ష్మీనరసింహం గారి ఆలోచన. ఆ ముద్రని ఐజాక్ గారు చొక్కా జేబులో, కళ్లజోడు పెట్టెలో దాచుకునేవాడు. ఆ ముద్రతో వెళ్లిన ముక్క ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ అనేవాడు కాదు. మిగిలినవాళ్లు అంటుంటే మాత్రం పని ఆపి వినేవాడు.

కిందటేడు జూన్‌లో ల్యాబు నుంచి సూర్యతేజ అనే ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. వాళ్ల అమ్మమ్మగారిది రామచంద్రపురమట, మా మాటలు వింటే సెలవులకి వచ్చినట్టుంటుందన్నాడు. హెలికాప్టర్ నుంచి ఓడల మీదకి వదిలే చిన్న మిసైల్ తయారవుతోందని, దాని రెక్కలకి కీలు పిన్నులు కావాలని చెప్పాడు. పెద్ద మిసైళ్లు విమానాలు మోస్తాయి కానీ హెలికాప్టర్ మోయలేదు. ఇది బరువు తక్కువ ఉండాలి, పక్కన వేలాడినంతసేపూ రెక్కలు ముడుచుకుని ఉండాలి. వదలగానే కిందికి జారుతూ రెక్కలు విప్పుకుని, ఇంజను అంటుకుని, అలల మీద నాలుగైదు మీటర్ల ఎత్తులో వెళ్లి ఓడని కొట్టాలి.

పిన్ను చిటికెన వేలంత ఉంటుంది. దాని మధ్యలో ఒకవైపు మూసుకుపోయిన సన్నటి రంధ్రం. ఆ రంధ్రంలో ఒక స్ప్రింగు, స్ప్రింగు మీద బియ్యపు గింజంత బుడిపె. రెక్క పూర్తిగా విప్పుకోగానే ఆ బుడిపె టక్కున బయటికి వచ్చి రెక్కని బిగించేస్తుంది. అదీ దాని పని. ఒక్కసారే చేసే పని.

"బుడిపె బయటికి రాకపోతే ఏమవుద్దండి?" అని ఐజాక్ గారు అడిగాడు.

"రెక్క ఊగుతుందండి. అప్పుడు అది ఎటు తిరుగుతుందో మేం చెప్పలేం. పైన హెలికాప్టర్ ఉంటుంది కదా, అందులో నలుగురు మనుషులుంటారు" అన్నాడు సూర్యతేజ.

ఆ రోజు నుంచి పిన్నులు పూర్తయ్యేవరకు ఐజాక్ గారు రెండు పూటలా అన్నం ముందుకన్నా వేగంగా నడుస్తూ తిన్నాడు.

ముప్పై ఎనిమిది పిన్నులు. అందులో ముప్పై ఆరు ల్యాబుకి, రెండు మా దగ్గర నమూనాగా ఉంచుకోవడానికి. ఆగస్టు ఆఖరికి పిన్నుల వరకు అయ్యాయి, స్ప్రింగులు బిగించడం మిగిలింది. ఆ ఉక్కు గట్టిదే కానీ తడిగాలికి తట్టుకోదు. గోదావరి వరద మీద ఉంది, వాన వదలడం లేదు, గోడలు ముట్టుకుంటే చెయ్యి తడుస్తోంది. తుప్పు పట్టకుండా పూయడానికి ల్యాబు వాళ్లు పంపిన నూనె డబ్బా అయిపోయింది. కొత్త డబ్బా విజయవాడ దగ్గర రోడ్డు మీదికి నీళ్లొచ్చి లారీలో ఆగిపోయింది. పొద్దున వచ్చి చూస్తే రెండు పిన్నుల మీద పసుపు పొడి చల్లినట్టు మచ్చ.

ఐజాక్ గారు నా గదికి వచ్చాడు. "హైమగారూ, మీ దగ్గర కొబ్బరినూనె ఉంటదా అండి?"

ఉంది. మా అక్కగారిది కోనసీమలో పల్లెటూరు, గానుగ నూనె సీసాల్లో పంపుతుంది. ముందురోజే వచ్చిన సీసా నా సంచిలో ఉంది. ఐజాక్ గారి తండ్రి రైసుమిల్లుల్లో మరమ్మతులు చేసేవాడు. విప్పిన బేరింగయినా, సానబెట్టిన షాఫ్టయినా వానాకాలంలో కొబ్బరినూనె రాసి గోనెలో చుట్టి పెట్టేవాడట. మా వైపు పాత మేస్త్రీలందరూ అంతే. నేనూ వింతపడలేదు. సీసా తీసి ఇచ్చాను. "మొత్తం ఒంపేయకండి, నా తలకి కూడా ఉంచండి" అని కసిరాను కూడా.

రెండు రోజులు పిన్నులు కొబ్బరినూనెలో మెరుస్తూ ఉన్నాయి. మూడోరోజు డబ్బా వచ్చింది. పిన్నుల్ని పెట్రోలుతో కడిగి, రంధ్రాల్లోకి కంప్రెసర్ గాలి కొట్టి, స్ప్రింగు, బుడిపె బిగించి, ల్యాబు నూనె పూసి పెట్టెలో సర్దాలి. సగం అయ్యేసరికి కరెంటు పోయింది. కొరియర్ వ్యాను గుమ్మం ముందు హారన్ కొడుతోంది. మిగిలినవాటికి ఐజాక్ గారు గాలి బదులు గుడ్డని సన్నగా మెలిపెట్టి రంధ్రాల్లో తిప్పాడు. అన్నీ ఒకే ట్రేలో పోశాడు. ముద్రలు వేశాడు. నేను రిపోర్టులో 'ల్యాబు సూచించిన నూనె మాత్రమే వాడబడినది' అని టైపు చేసి, తయారుచేసినవారు అన్న చోట సంతకం పెట్టాను. ఎప్పుడూ రాసే వాక్యమే. నా చెయ్యి దాని దారిన అది రాసేసింది. సీసా నా సొరుగులో అడుగున పావు వంతు నూనెతో ఉండిపోయింది.

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఎవరో మా తలుపు కొట్టారు. తీస్తే ఐజాక్ గారు. చర్చికి వెళ్లే తెల్ల చొక్కా, చంకలో బైబిలు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చెప్పాడు.

తలకి నూనె రాసుకుందామని రూతు గారు సీసా తీసిందట. గడ్డకట్టి ఉంది. "ఏవండి, ఇది పేరుకుపోయింది, కాస్త పిట్టగోడ మీద ఎండలో పెట్టండి" అందట. ఆయన సీసా తీసుకెళ్లి గోడ మీద పెట్టాడు. పెట్టి, దాని వంక చూశాడు. ఇక అక్కడి నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు.

"ఇక్కడ, మన ఊళ్లో, ఈ మాత్రం చలికే రాయైపోయిందండి. పైన హెలికాప్టర్ తిరిగే చోట ఎంత చలుంటదో. ఆ రంధ్రాల్లో చుక్క మిగిలుంటే చాలు. బుడిపె కదలదు."

"గుడ్డతో తుడిచారు కదా" అన్నాను.

"గుడ్డ అడుగుదాకా వెళ్లిందో లేదో నేను చూశానా అండి? చూడకుండా ముద్రేశాను."

నాకు మొదట వచ్చింది భయం. రెండోది కోపం, ఆయన మీద. ఆదివారం పూట ఇంటికొచ్చి నా నెత్తిన ఇది పెట్టాలా? ఆ సీసా నాది, ఆ వాక్యం నాది, ఆ సంతకం నాది. ఆయన వాటిలో ఒక్కదాని పేరు కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల నాకు ఇంకా మండింది. "రేపు మాట్లాడదాం, చర్చికి టైమవుతోంది వెళ్లండి" అని పంపేశాను. ఆ రోజు ప్రసంగం మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడని, కానుకల సంచి వేరేవాళ్లు పట్టారని రూతు గారు తర్వాత చెప్పింది.

సోమవారం లక్ష్మీనరసింహం గారి ముందు నిలబడ్డాం. ఆయన మంచివాడే. నలుగురికి పని ఇవ్వాలన్న తాపత్రయం ఉన్నవాడు. అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూడు ఐజాక్. నీది అనుమానం. అంతేనా?"

"ఆయ్, అనుమానమేనండి."

"అనుమానానికి ఉత్తరం రాస్తామా? అక్కడ అంత పెద్ద ఇంజనీర్లు, వాళ్లు మళ్లీ కడుక్కోరా? పరీక్షలు చేసుకోరా? ఇప్పుడు మనం నోరు తెరిచామంటే జాబితాలోంచి తీసేస్తారు. జనవరిలో పెద్ద ఆర్డరు ఇస్తామన్నారు. పధ్నాలుగు మంది ఉన్నాం ఇక్కడ. వాళ్ల మొహాలు చూసి మాట్లాడు."

ఐజాక్ గారు తలూపి బయటికి వచ్చాడు. లేతుల మధ్య నాలుగు చుట్లు తిరిగాడు. నా గది గుమ్మంలో ఆగి, "అనుమానం కాబట్టే కదండీ రాయొద్దన్నారు. తేల్చేద్దాం" అన్నాడు. ఎలాగో నాకు అర్థం కాలేదు.

రూతు గారి తమ్ముడు ఫిన్నీ పాలకొల్లు దాటాక ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో ఫ్రీజింగు ఆపరేటరు. రొయ్యల్ని గడ్డకట్టించే గదిలో సున్నాకి నలభై డిగ్రీలు కింద ఉంటుంది. మంగళవారం ఐజాక్ గారు సెలవు పెట్టాడు. తలనొప్పని చెప్పి నేనూ పెట్టాను. ఎందుకు వెళ్లానంటే, ఆయన ఒంటరిగా వెళ్లి ఏం చూసొచ్చి ఏం చెబుతాడోనని భయం. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

నమూనా పిన్నులు రెండూ, రెక్క బదులు చిన్న ఇనుప పట్టీ ఉండే తనిఖీ బిగింపులు రెండూ ఆయన స్టీలు క్యారేజీలో పెట్టుకున్నాడు. అవి షాపు దాటకూడదు. దాటించాడు. పాలకొల్లు బస్సులో సగం సీట్లు ఖాళీ. ఆయన మాత్రం నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సిద్ధాంతం ఊరి వంతెన మీద గోదావరి గాలికి చొక్కా ఎగురుతుంటే క్యారేజీని పొట్టకి అదుముకున్నాడు. కండక్టరు రెండుసార్లు కూర్చోమన్నాడు, మూడోసారి నా వంక జాలిగా చూశాడు.

ఫిన్నీ మా ఇద్దరికీ గమ్‌బూట్లు, టోపీలు ఇచ్చి, కాళ్లు మందునీళ్లలో ముంచి నడిపించాడు. క్యారేజీని గదిలో రొయ్యల ట్రేల మధ్య పెట్టి తలుపు వేశాడు. రెండు గంటలు వెనక పెరట్లో ఐస్ పెట్టెల పక్కన ఉన్నాం. నేను ఒక డ్రమ్ము మీద కూర్చున్నాను. ఐజాక్ గారు గోడ వెంట నడుస్తూనే ఉన్నాడు. ఒకసారి ఆగి, "రెండూ టక్కుమనాలని ప్రార్థన చేద్దామనుకున్నానండి. కానీ అలా అడగొచ్చో లేదో తెలీలేదు" అన్నాడు.

ఫిన్నీ చేతి తొడుగులతో క్యారేజీ తెచ్చాడు. మొదటి బిగింపు గొళ్లెం తీయగానే పట్టీ ఎగిరి నిలబడింది. టక్కుమంది. ఐజాక్ గారి మొహంలో వెలుగు నేను చూశాను. రెండోది తీశాడు. పట్టీ లేచింది. చప్పుడు లేదు. పట్టీ అటూ ఇటూ ఊగుతోంది. మేం ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆయన అరచేతి వేడికి కాబోలు, దాదాపు నిమిషం తర్వాత, టక్ అంది.

"తడి వల్ల మంచు పట్టేసుంటది బావా" అన్నాడు ఫిన్నీ.

ఐజాక్ గారు జేబులోంచి చిన్న పట్టకారు తీసి, పిన్నుని ఇంకోసారి లోపలి చలికి పంపించి, తెప్పించి, బుడిపెనీ స్ప్రింగునీ బయటికి లాగాడు. స్ప్రింగు కొసన ఆవగింజంత తెల్లటి ముద్ద. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నాకు చూపించాడు. అంత రొయ్యల కంపులోనూ నాకు మా అక్కగారి గానుగ నూనె వాసన తెలిసింది.

అప్పుడు కూర్చున్నాడు. బోర్లించిన ప్లాస్టిక్ పెట్టె మీద, మోకాళ్ల మధ్య చేతులు వేలాడేసి. అంత పొడుగు మనిషి కూర్చుంటే అంత చిన్నగా అయిపోతాడని నాకు తెలియదు.

లేచాక మొదట లక్ష్మీనరసింహం గారికి ఫోన్ చేశాడు. అనుమానం కాదండి, రూఢి అయిందని చెప్పాడు. అవతల నుంచి కేకలు నాకు కూడా వినిపించాయి. ఆఖరికి, రేపు పొద్దున అందరం కూర్చుని ఆలోచిద్దాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు అన్నారు.

"రేపటికి ఆ ముక్క ఎక్కడుంటదో తెలీదు కదండి" అన్నాడు ఐజాక్ గారు. అవతలి వైపు ఫోన్ పెట్టేశారు. ఆయన నా వైపు తిరిగి, సూర్యతేజ గారి నంబరు ఇమ్మన్నాడు.

నేను వెంటనే ఇవ్వలేదు. ఫోన్ చేతిలోనే ఉంది. "ఒక్కరోజు ఆగలేరా" అన్నాను. ఆయన చెయ్యి చాపి నిలబడ్డాడు, అంతే. తిట్టినా బాగుండేది. నంబరు కలిపి ఇచ్చాను.

సూర్యతేజ అంతా విన్నాడు. తర్వాత, "మేం చలి పరీక్షకి రెండు పిన్నులు తీసుకున్నామండి. రెండూ పాసయ్యాయి. అది చూసి మిగతావి బిగించేశాం. ఒక మిసైల్ ఈ సాయంత్రం ప్రయోగానికి లారీ ఎక్కుతోంది" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "మా అమ్మమ్మ కూడా చలికాలం సీసా ఎండలో పెడుతుందండి. నాకు తట్టనే లేదు" అన్నాడు. లారీ ఆపడానికి వెళ్లాలని, జరిగినదంతా రాసి సంతకంతో పంపమని చెప్పి పెట్టేశాడు.

బుధవారం వాంగ్మూలం ఐజాక్ గారు చెబుతుంటే నేను టైపు చేశాను. వరద, తుప్పు, కరెంటు పోవడం, గుడ్డ, ట్రే. ఒక్కటీ దాచలేదు. తన తప్పు ఎక్కడెక్కడుందో కొలత పెట్టి చూపించినట్టు చెప్పాడు. తర్వాత అదే గొంతుతో, "సదరు కొబ్బరినూనెను మా ఇంటి నుంచి నేనే తెచ్చితిని. రిపోర్టు తయారుచేసిన వారికి ఈ సంగతి తెలియదు. అని రాయండి" అన్నాడు.

నా వేళ్లు ఆగిపోయాయి. "ఐజాక్ గారూ, ఇది అబద్ధమండి."

"తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి, చాలు" అని గుమ్మంలోకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

చుక్క నూనెని కడుపులో పెట్టుకోలేక పాలకొల్లు దాకా పోయినవాడు, నా కోసం ఆ మాట ఎంత తేలిగ్గా చెప్పాడో. నేను టైపు చేశాను. భయం. వేరే కారణమేమీ లేదు. తప్పుడు రిపోర్టు తెలిసి రాసిందని నా పేరు ల్యాబు కాగితాల్లో ఎక్కితే నన్ను ఎవరు పనిలో ఉంచుకుంటారు? ఆ ప్రశ్న వేసుకుని, జవాబు కోసం ఆగకుండా ప్రింటు తీశాను.

వారంలో జవాబు వచ్చింది. పిన్నులన్నీ తిరస్కరించారు. విచారణ పూర్తయ్యేవరకు మాకు పనులు లేవు. లక్ష్మీనరసింహం గారు ఐజాక్ గారిని పిలిచి ముద్ర బల్ల మీద పెట్టమన్నారు. ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి, గుడ్డతో తుడిచి మరీ పెట్టాడు. దాన్ని సొరుగులో వేసి తాళం వేయమని నాతో అన్నారు. సొరుగులో ఆ సీసా ఉంది. ముద్రని దాని పక్కన పెట్టాను.

ఆ తర్వాత నెలలు బాగా జరగలేదు. లేతు నడిపే ఇద్దరు టర్నర్లు వేరే షాపులకి వెళ్లిపోయారు. లక్ష్మీనరసింహం గారు ఐజాక్ గారితో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడేవారు కాదు. ఐజాక్ గారు మళ్లీ రైసుమిల్లు షాఫ్టుల దగ్గరికి వెళ్లాడు. ముద్ర లేకపోయినా పక్కవాళ్లు చేసిన ముక్క తీసి వేలితో తడిమి చూసేవాడు. చూశాక చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి ఆగేది. నాకు చూడబుద్ధయ్యేది కాదు. అందుకని ఆయన మీద ఇంకా ఎక్కువ విసుక్కునేదాన్ని. సొరుగు తెరవాల్సిన పని వచ్చినప్పుడల్లా తల తిప్పుకుని చెయ్యి పెట్టేదాన్ని.

మార్చిలో మిసైల్ ఎగిరింది. మధ్యాహ్నం ఎవరో ఫోన్‌లో చూపించారు. సముద్రం మీద హెలికాప్టర్, దాని పక్కన సన్నటి తెల్లటి గొట్టం. అది జారింది, మంట చిమ్మింది, నీళ్లకి ఆనుకుని పోయి పాత ఓడ పక్కటెముకలో దూరింది. రెక్కలు విప్పుకునే క్షణం కనపడలేదు. ఐజాక్ గారు నాలుగుసార్లు వెనక్కి తిప్పించి చూశాడు. "పిన్నులు ఎవరు చేశారో గానీ బాగా చేశారండి" అన్నాడు.

జూన్‌లో ల్యాబు నుంచి ఈమెయిలు వచ్చింది. భాగాలు చేసే అన్ని షాపులకీ కొత్త పని పద్ధతి పంపారు. మమ్మల్ని ఇంకా జాబితాలోంచి తీయలేదన్నమాట. పదహారు పేజీల కాగితాల్లో పదకొండో పేజీ మీద కొత్తగా ఒక వాక్యం ఉంది. 'తుప్పు నివారణకు భాగాలపై కొబ్బరినూనె పూయరాదు.' నేను ఐజాక్ గారిని పిలిచి చూపించాను. ఆయన వాక్యమే అది. ఇకమీదట ఆ మిసైల్‌కి పని చేసే ప్రతి షాపులోనూ చదువుతారు, ఎవరి వల్ల వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. నిలబడే రెండుసార్లు చదివాడు.

"కొబ్బరినూనె ఒక్కటే అన్నారేంటండి? ఇంకో ఊళ్లో ఆముదం రాస్తారు, నువ్వులనూనె రాస్తారు. ఏ వంటనూనె, తలనూనె అయినా అని ఉండాలి. ఫోన్ కలపండి."

కలిపి స్పీకరు పెట్టాను. సూర్యతేజ విని, నిజమేనండి, మారుస్తాం అన్నాడు. తర్వాత, "మీరే ఫోన్ చేశారు కాబట్టి అడుగుతున్నాను. విచారణ ఫైలు ఈ వారం మూసేస్తున్నాం. ఒక్కటే మిగిలింది. ఆ నూనె ఎంత చలికి ఎంత గట్టిపడుతుందో మా వాళ్లు రాసి పెట్టాలి. ఐజాక్ గారూ, మీ ఇంట్లో ఆ నూనె ఇంకా ఉందా? కంపెనీదా, గానుగదా?" అన్నాడు.

ఐజాక్ గారు నా వంక చూడలేదు. గోడ మీద క్యాలెండరు వంక చూస్తూ, "ఉందండి. పంపుతాను" అన్నాడు.

రూతు గారు వాడేది కంపెనీ సీసా. మా ఇద్దరికీ తెలుసు. ఆయన వేరే నూనె పంపుతాడు, వాళ్లు దాన్ని కొలిచి రాసుకుంటారు, ఆ అంకె పట్టుకుని రేపు ఇంకెవరో ఏదో తేలుస్తారు. ముద్ర వేయడానికి ముందు చూడలేదని తన్ను తాను క్షమించుకోలేని మనిషి, నా కోసం చూస్తూ చూస్తూ తప్పు కొలత పంపబోతున్నాడు.

"అది ఐజాక్ గారిది కాదండి" అన్నాను. "నాది. గానుగ నూనె. నా సంచిలోంచి నేనే తీసి ఇచ్చాను. తెలిసే రిపోర్టులో ఆ వాక్యం రాశాను."

ఐజాక్ గారు చెయ్యి ఊపుతూ, "అదిప్పుడు ఎందుకండి, అది రాయక్కర్లేదండి" అన్నాడు, ఎవరితోనో.

"మీ పేరు రాసుకోమంటారా అండి?" అన్నాడు సూర్యతేజ నెమ్మదిగా.

"రాసుకోండి. హైమ. ఉత్తరం కూడా పంపుతాను."

ఫోన్ పెట్టేశాక సొరుగు తాళం తీశాను. సీసా అడుగున నూనె జూన్ ఎండకి నీళ్లలా ఉంది. దాని పక్కన ముద్ర ఉంది. రెండూ తీసి బల్ల మీద పెట్టాను. లక్ష్మీనరసింహం గారికి ఎలా చెప్పాలో, చెప్పాక ఈ కుర్చీ ఉంటుందో లేదో నాకు తెలియదు. తల ఎత్తి చూస్తే ఐజాక్ గారు మూల ఉన్న స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. బయట ఒక లేతు శబ్దం తేడాగా వచ్చింది, అయినా లేవలేదు.

"మూత గట్టిగా బిగించి పంపండి హైమగారూ" అన్నాడు చివరికి. "ఎండాకాలం కదా, కారిపోద్ది."